ఉల్లిరంగు పోగు

తిరుగుతోంది. పదిహేడో నంబరు పానా పెట్టి ఎటు తిప్పితే అటు తిరుగుతోంది, బిగుసుకోదు, ఊడి రాదు, పనిలేని పెద్దమనిషి ఊరంతా తిరిగినట్టు ఉన్నచోటే తిరుగుతోంది ఆయిల్ బోల్టు. దాని అంచున ఒక చుక్క ఊరి, బరువెక్కి, నా మణికట్టు మీద పడింది. ఇంజిను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను, వీపు కింద గోనెపట్టా, దాని కింద పాన్‌గల్ ఎండకు కాలిన నేల, ముక్కుకు జానెడు పైన దిమ్మెల మీదికెక్కించిన కరీం ఉస్తాద్ మోటారుసైకిలు పొట్ట. బాధపడాల్సిన సమయమే. నాకు మాత్రం నవ్వు వస్తోంది. మరలు పోయాయి. ఎనిమిదేళ్ళుగా ఇస్రాయేలు చేతికింద ఉన్న బండికి, అందులోనూ ఉస్తాద్ సొంత బండికి, మరలు పోయాయి, దాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, పక్కన తానూ కూర్చుని, గద్వాల నుంచి బీచుపల్లి వంతెన దాటించి నా దగ్గరికి తెచ్చాడు ఉస్తాద్. అంత గద్వాలలో అన్ని షాపులుండగా, ఇస్రాయేలు ఉండగా, నా దగ్గరికి. ఆటోలోంచి బండి దింపుతుంటే దేవుడున్నాడు అనుకున్నాను. ఇలాంటి వాటికి దేవుణ్ణి తలుచుకోకూడదని మా అమ్మ అనేది, కానీ ఇంకెవరిని తలుచుకోను, సంతోషం వచ్చినప్పుడు ఎవరో ఒకరు కావాలి కదా.

ఉస్తాద్ వెనక బెంచీ మీద నిద్రపోతున్నాడు. మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని, నా భార్య సరోజ పెట్టిన జొన్నరొట్టె చింతకాయ తొక్కుతో తిని, తువ్వాల మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆటో ఒక గంటకు తిరిగి వస్తుంది. ఈ గంటలో నేను ఈ బోల్టు సంగతి తేల్చాలి. ఇంజిను అడుగున పాత ఆయిల్ వదలడానికి ఉండే బోల్టు ఇది, బొటనవేలంత కూడా లేదు, కానీ ఆయిల్ అంతా దీని మీదే నిలబడుతుంది. బోల్టు ఉక్కు, అది దిగే ఛాంబర్ అల్యూమినియం. పొగరుబోతు అల్లుడు, మెత్తటి అత్త. ఒక పిసరు ఎక్కువ బిగిస్తే ఉక్కుకు ఏమీ కాదు, అత్త లోపల మరలు పొడిపొడి అయిపోతాయి. ఇది మెకానిక్ అన్నవాడికి మొదటి నెలలో తెలియాలి. అదే అన్నాను పొద్దున, తల కిందికి పెట్టిన అరనిమిషానికే అన్నాను, ఆటో డ్రైవరు వింటుండగా, చెంబుతో నీళ్ళు తెచ్చిన సరోజ వింటుండగా, కొంచెం గట్టిగానే అన్నాను.

"గిది ఇస్రాయేలు పనే ఉస్తాద్. పానాకు పైపు తొడిగి గుంజిండు. థ్రెడ్డు తెంపిండు. గింత గూడ తెల్వదా వానికి?"

ఉస్తాద్ నీళ్ళన్నీ తాగి, చెంబు సరోజ చేతికిచ్చి, గడ్డం మీది తడి తుడుచుకున్నాడు. "ఎవడు తెంపితే ఏంది బేటా. నువ్వు మంచిగ జెయ్యి. మా మిస్బాకు నాగర్‌కర్నూల్ దవాఖానల నర్సు కొలువొచ్చింది. బండి మనవరాలికిస్తున్న. తొవ్వల బోల్టూడి ఆయిలంత కారిపోతే ఇంజను పట్టేస్తది, పిల్ల కిందవడ్తది. గందుకే నీ కాడికొచ్చిన."

గందుకే నీ కాడికొచ్చిన. ఆ మాటను బెల్లం ముక్కలా దవడలో పెట్టుకుని చప్పరిస్తున్నాను అప్పటినుంచీ. లోపలికి పోతూ సరోజ గుమ్మం దగ్గర ఆగి, "ఎనిమిదేండ్ల సంది నీ నోట్ల ఇస్రాయేలు పేరే. నా పేరు గిన్నిపార్లు తల్సుకుంటే బంగారమైతుంటి" అని నవ్వింది. ఆమెకేం తెలుసు. ఆమెకు తోడికోడళ్ళు కూడా లేరు.

తోడికోడళ్ళ సంగతి ఎందుకొచ్చిందంటే, ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చిన ఇద్దరు మగవాళ్ళు కూడా ఆ లెక్కే. గద్వాలలో, పాత బస్టాండు వెనక, రేకుల షాపు. ఇస్రాయేలు బల్మూరు నుంచి వచ్చేనాటికి నేను నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. నాగేశ్ అంటే కరీం ఉస్తాద్ కుడిచెయ్యి అని పత్తి విత్తనాల వ్యాపారులు కూడా చెప్పుకునేవారు. చెప్పుకునేవారా, నేను చెప్పుకునేవాణ్ణా, ఇప్పుడు సరిగా గుర్తులేదు. వాడు వచ్చాడు, ఏమీ అడగలేదు, ఏమీ మాట్లాడలేదు, మొదటివారంలోనే స్క్రూడ్రైవరు కొస ఇంజినుకు, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టాడు. విని, "వాల్వు గాదు ఉస్తాద్, చైను" అన్నాడు. విప్పితే చైనే. మర్నాడు నేను కూడా ఆనించాను. నాకు ఇంజిను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఉస్తాద్ వాడి వైపు చూసిన చూపు మాత్రం వినపడింది, ఇప్పటికీ వినపడుతోంది. ఇంకో విషయం, వాడికి పొగరు కూడా లేదు. పొగరుంటే ఎంత హాయిగా ఉండేది. మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పే ముందు "తిన్నవా అన్నా?" అని అడిగేవాడు, నేను తిననిదే మూత తీసేవాడు కాదు, నేనేమో కావాలని ఆలస్యం చేసేవాణ్ణి. మూడైనా మూత తీయలేదు ఒకరోజు. అలాంటివాడిని ఎలా తిట్టుకోవాలి, చెప్పండి.

పోనీ సాకైనా మిగల్చలేదు. ఉస్తాద్ షాపు తమ వాళ్ళ పిల్లవాడికెవరికైనా ఇచ్చి ఉంటే, తమ్ముడు అజీజ్ కొడుక్కో, చెల్లెలు మెహరున్నిసా అల్లుడికో, సరేలే, ఎవరి మనుషులు వాళ్ళకుంటారు అని ఒక బీడీ కాల్చి మర్చిపోదును. సాలెవాళ్ళ పిల్లవాడిని కాబట్టి ఇవ్వలేదు అని ఊరంతా చెప్పుకుందును. ఇచ్చింది ఇస్రాయేలుకు. ఏ చుట్టరికమూ లేనివాడికి, ఏ పండగా కలవనివాడికి. అంటే పనిని చూసే ఇచ్చాడన్నమాట. నాకు మంట పెట్టింది అదే, ఇప్పటికీ పెడుతోంది, ఈ ఇంజిను కింద ఎండ లేదు, అయినా ఒళ్ళు కాలుతోంది.

స్క్రూడ్రైవరు కొసను బోల్టు తల వెనక దూర్చి, కిందికి నొక్కుతూ పానా తిప్పాలి, మరలు పోయిన బోల్టు అలా అయితేనే వస్తుంది. నొక్కుతున్నాను. మెల్లగా నాగేశ్, మెల్లగా. ఎవరో వెనక నిలబడి చెప్పినట్టు అనిపించింది, కానీ ఉస్తాద్ నిద్రలోనే ఉన్నాడు, ఊపిరి బుస్సుమంటోంది. ఆయనకు ఒక అలవాటుండేది. నేను చివరి బోల్టు బిగిస్తుంటే వచ్చి నా వెనక నిలబడేవాడు, బోల్టు వైపు చూసేవాడు కాదు, రోడ్డు వైపు చూస్తూ వినేవాడు, పానా కీచుమనే ఏదో ఒక క్షణాన "బస్" అనేవాడు. బస్ అంటే చాలు, చెయ్యి తియ్యి. అంతే, తీసేవాణ్ణి. పన్నెండేళ్ళు. హెడ్డు బోల్టయినా, ఆయిల్ బోల్టయినా, చివరికి నంబరు ప్లేటు స్క్రూ అయినా సరే, బస్. ఇస్రాయేలు బిగిస్తుంటే మాత్రం బెంచీ మీద కూర్చుని ఛాయ్ తాగేవాడు. వాడికి ఒక్కసారీ అనలేదు. వాడి చెయ్యి మీద నమ్మకం. నా చెయ్యి మీద లేదు. ముప్ఫై ఏళ్ళు దాటినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, గిరాకీల ముందు "బస్" అంటే నా చెవులు ఎర్రబడేవి. ఆ మాట అనకుండా ఉండే రోజు ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. సరే, ఇప్పుడు ఎవరి చెయ్యి గొప్పదో తేలింది కదా. ఛాయ్ తాగుతూ కూర్చుంటే ఇదిగో ఇలాగే తెగుతాయి మరలు.

వచ్చింది. చప్పుడు లేకుండా, కదిలిన పన్ను ఊడినట్టు అరచేతిలోకి వచ్చింది, వెంట ఆయిల్ దూకింది, పళ్ళెం తోశాను. వెచ్చగా లేదు, చల్లగా చిక్కగా పడుతోంది. బోల్టును వేస్టు గుడ్డతో తుడిచాను. నల్లటి జిడ్డు పోయింది, ఇంకా ఏదో ఉంది, మరల మధ్య మెత్తగా, వెంట్రుకల్లా. గోటితో గీకాను. పోగు. బోల్టుకు పోగు చుట్టారు. చూశారా, మరలు పోయినవాడు బాగుచేయకుండా పోగు చుట్టి కప్పెట్టాడు. ఉస్తాద్ ఎప్పుడూ అనేవాడు, పోగు చుట్టేటోడు మెకానిక్ కాదు దొంగ అని. దొంగ దొరికాడు. లేచి ఉస్తాద్‌ను తట్టి చూపించాలనిపించింది, చూడు నీ ఇస్రాయేలు, చూడు నీ తాళంచెవుల వారసుడు. వెలుతురులోకి జరిగి పోగును వేలికి చుట్టుకుని ఇంకోసారి తుడిచాను. పట్టు పోగు. నూలు కాదు, పట్టు. నలుపు కింద ఒక రంగు ఉంది. ఉల్లిపొర రంగు.

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబు మీదికి పోయింది, పాత అలవాటు, ఆ రోజుల్లో నా జేబులో ఎప్పుడూ ఉండేది అమ్మ మగ్గం కింద పడిన పట్టు పోగుల ముద్ద, చేతులు తుడుచుకోవడానికి, చిన్న గాట్లకు కట్టుకోవడానికి. మా అమ్మ లలితమ్మ ఉల్లిరంగు అంచు నేసేది. ఆ రంగును అంత లేతగా కాచి తీసేవాళ్ళు మా వీధిలో ఇంకెవరూ లేరు, షావుకార్లు అడిగి మరీ నేయించుకునేవారు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు, రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు వేసి కలపాలి. గుంజితే తెగుతది, వదిలితే జారుతది నాయినా, చెయ్యికే తెలవాలె అనేది అమ్మ, నేను మగ్గం ఎక్కనని మొండికేసి కరీం షాపుకు పోయిన రోజున కూడా అదే అంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె పోగు నా వేలికి చుట్టుకుని ఉంది. ఇది నా పోగు. ఇది నా పని.

మర్చిపోలేదు. మర్చిపోయానని చెప్పుకున్నాను, అంతే. ఆ రోజు కూడా ఇలాగే ఇదే బండి కింద ఉన్నాను, ఉస్తాద్ బండికి ఆయిల్ మార్చడం నా పని, ఇంకెవరినీ ముట్టనిచ్చేవాణ్ణి కాదు. పాత ఆయిల్ వదిలేసి, బోల్టు పెట్టి, బిగిస్తున్నాను. షట్టరు దగ్గర ఉస్తాద్ ఇస్రాయేలుతో మాట్లాడుతున్నాడు. తాళంచెవుల గుత్తి చప్పుడు. "రేపటి సంది షట్టరు నువ్వే తియ్యాలె. షాపు ఇగ నీదే." అంతకు వారం ముందు నాతో ఒక మాట అన్నాడు, నీకు చెయ్యుంది, కాళ్ళున్నయి, యాడికి పోయినా బతుకుతవు అని, ఎందుకన్నాడో అప్పుడు తెలియలేదు, ఆ గుత్తి చప్పుడుతో తెలిసింది. నేను బిగిస్తున్నాను. ఇప్పుడు వస్తాడు, నా వెనక నిలబడతాడు, బస్ అంటాడు. బిగిస్తున్నాను. పానా కీచుమంది. ఆయన నవ్వుతున్నాడు అక్కడ, వాడి భుజం తడుతున్నాడు. నా చెవి అటే ఉంది, చెయ్యి మాత్రం తిప్పుతోంది. ఆపొచ్చు. చెయ్యికి తెలుసు ఆపాలని, ఇంతకుముందే తెలుసు, కానీ ఆ మాట రావాలి కదా, పన్నెండేళ్ళుగా వచ్చిన మాట, విసుక్కున్న మాట, ఈ ఒక్కరోజు రాకపోతే ఎలా. పక్కనున్న పైపు తీసి పానాకు తొడిగాను, పైపు చప్పుడుకైనా తిరిగి చూస్తాడేమో అని. చూడలేదు. గుంజాను. బిగుసుకుంటూ బిగుసుకుంటూ ఉన్నది ఒక్కసారిగా వెన్న అయిపోయింది.

ఆ మెత్తదనం చెయ్యికి ఎలా ఉంటుందో మెకానిక్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. లోపల ఏదో ఇక ఎప్పటికీ లేదు అని తెలిసిపోతుంది. అప్పుడు లేచి చెప్పి ఉంటే సరిపోయేది. జేబులోంచి పోగు తీసి ఏడు చుట్లు చుట్టాను, కారకుండా జిగురు పూశాను, నొక్కి పెట్టాను, గుడ్డతో తుడిచాను. నెల తిరగకుండా సరోజ పుట్టినూరికి వచ్చేసి ఈ షాపు పెట్టుకున్నాను. మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడే ఇస్రాయేలు బోల్టు తీసి ఉంటాడు, పోగు చూసి పారేసి ఉంటాడు, ఏదో ఒకటి చేసి ఉంటాడు, ఆ తర్వాత పోయిన మరలు వాడివే, నావి కావు అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. జడ్జీ నేనే, వకీలు నేనే. మరి పోగు ఇక్కడే ఎందుకుంది?

పళ్ళెం వైపు చూశాను. అప్పుడు కనపడింది, అంతకుముందే చూడాల్సింది, కడుపుమంట పొగలో కనపడలేదు. ఆయిల్ తేనెలా ఉంది. నెల కూడా కాలేదు మార్చి. అడుగున మాత్రం గుప్పెడు నల్లటి మడ్డి. బోల్టు ఎనిమిదేళ్ళుగా తీయలేదు, ఆయిల్ కొత్తది. ఎలా సాధ్యం? వేళ్ళు తుడుచుకుని ఫోను తీశాను. ఎనిమిదేళ్ళలో వాడికి నేను ఫోను చేయడం ఇదే మొదటిసారి. నంబరు ఎందుకు దాచుకున్నానో నన్నడగొద్దు.

"అన్నా! తిన్నవా?"

"తిన్న గని, ఒకటడుగుత. ఉస్తాద్ బండికి ఆయిలు ఎట్ల మారుస్తున్నవు?"

అవతల సుత్తి చప్పుడు ఆగింది. "బోల్టు తీసినవా అన్నా?"

"తీసిన."

"పశువుల దవాఖానల పెద్ద సిరంజీ ఉంటది సూడు, దానికి సెలైన్ పైపు తొడిగి, మీద ఆయిలు పోసేకాడికెంచి గుంజుత. గంట పడ్తది. బోల్టును నేను ముట్టలే."

"ఎందుకు ముట్టలే? నీకు చేసుడు రాదా?"

"రాకేంది. నెలకు పది జేస్త. మొదటిపారే సూసిన, వాషర్ పక్కకు పోగు కొస కనవడ్డది, మీ అమ్మ పోగు. ఉస్తాద్‌కు సూపిచ్చిన. అది నాగేశుది, వాడే వచ్చి జేసుకుంటడు, నువ్వు చెయ్యి వెట్టకు అన్నడు. ఏడాదాయె, రెండేండ్లాయె. నువ్వు రాకపోతివి."

పోగును వేలికి ఇంకో చుట్టు చుట్టాను. వాడు ఇంకా లైన్లోనే ఉన్నాడు, ఊపిరి వినపడుతోంది, వాడు ఎప్పుడూ ఇంతే, మాట అనే ముందు పది గింజలు ఏరుకుంటాడు.

"ఒక మాట అంట, కోపం జెయ్యకన్నా. నువ్వు చెడగొట్టిన బోల్టును ఎనిమిదేండ్లు రోజు పొద్దుగాల వేలువెట్టి తడి వున్నదా లేదా సూసుకున్నడు. నేను మంచిగ జేసిన బోల్టు ఒక్కటన్న సూడలే. నీ ఎనక నిలబడి బస్ అనెటోడు. నాకు ఒక్కపారి గూడ అనలే. నేను బిగిస్తుంటే ఛాయ్ తాగుతుండె." నవ్వాడు, నవ్వులా లేదు. "గిప్పుడు గూడ తాగుతడు."

ఫోను పెట్టేసి బండి పక్కన కూర్చున్నాను. ఎవడి మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానో వాడు కూడా నా మీద పోసుకున్నాడా, అదీ అదే మాట కోసం. నాకు అవమానం అనిపించిన మాట వాడికి దొరకని మాట. దీంతో కడుపుమంట చల్లారిపోయింది అని చెప్తే అబద్ధం. చల్లారలేదు. ఇంకో పక్కకు తిరిగింది. నా తప్పును కూడా వాడు నాకంటే బాగా చూసుకున్నాడు, గంటసేపు సిరంజీతో గుంజుతూ, నా పేరు బయట పెట్టకుండా, ఆ మంచితనం నాకెందుకు రాలేదు, అది కూడా వాడికే వచ్చిందా. ఇక ఉస్తాద్, పొద్దున నేను ఇస్రాయేలు పేరు చెప్తుంటే నీళ్ళు తాగుతున్నాడు. అంతా తెలిసి తాగుతున్నాడు. ఆ నీళ్ళు ఎలా మింగుడు పడ్డాయో ఆయనకు. పోగు జేబులో పెట్టుకుందామా అని ఒక ఆలోచన వచ్చింది, సిగ్గులేని ఆలోచన, ఎవరి నుంచి దాస్తాను, నా నుంచి తప్ప అందరికీ తెలిసినదాన్ని. మణికట్టుకు చుట్టుకున్నాను కనపడేట్టు.

పని ఉంది. బండిని పాత టైరు మీదికి ఒరిగించాను, మరలు పోయిన గుంత ఇప్పుడు ఎదురుగా ఉంది. దాన్ని కొంచెం పెద్దగా తొలచాలి, తొలిచినచోట కొత్త మరలు కోయాలి, అందులోకి స్ప్రింగులాంటి ఉక్కు చుట్టను ఎక్కించాలి, ఇక బోల్టు ఆ ఉక్కు చుట్టలో తిరుగుతుంది, అల్యూమినియం జోలికి పోదు. ఒక్కసారే అవకాశం. తొలిచాక వంకర పోతే ఛాంబర్ మొత్తం పోయినట్టే, వెనక్కి తీసుకోవడం ఉండదు. కరెంటు డ్రిల్లు పక్కన పెట్టి తొలిచే బిట్టును చేత్తోనే తిప్పాను, దాని గాడుల్లో గ్రీజు నింపి, పొడి లోపలికి రాలకుండా గ్రీజుకే అంటుకునేట్టు. పది చుట్లకోసారి బయటికి తీసి తుడవడం, మళ్ళీ గ్రీజు. చెమట కనుబొమ్మ మీద నిలబడింది, తుడుచుకోలేదు. మరలు కోసే ట్యాపు అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ముందుకు పోతే సరిపోదు, వెనక్కి వస్తేనే పొడి తెగుతుంది. గుంజితే తెగుతది, వదిలితే జారుతది. అమ్మ ఉంటే ఇప్పుడు చూసి నవ్వేది, మగ్గం వద్దని పోయి ఇక్కడ కూర్చుని పోగుకు పోగు ఎక్కిస్తున్నవా నాయినా అని. ఇస్రాయేలు నెలకు పది చేస్తాడట. చేయనీ. ఇది నాది. ఈ ఒక్కటి వాడు ముట్టలేదు, ముట్టనివ్వలేదు, నా కోసం ఉంచాడు ఆయన. ఈ మాట అనుకోగానే లోపల ఏదో తీపిగా కదిలింది, ఆ తీపి మీద నాకే అసహ్యం వేసింది, రెండూ ఒకేసారి, మింగలేక కక్కలేక, అయినా చెయ్యి మాత్రం తిన్నగా తిరుగుతూనే ఉంది.

కిరసనాయిలుతో కడిగాను, రెండుసార్లు, మూడోసారి కొత్త ఆయిల్ పోసి వదిలాను. వేలు పెట్టి తడిమాను, నలుసు లేదు. ఉక్కు చుట్టను మెల్లగా దించాను, ఒక మర లోపలికి పోయేదాకా. దాని కొసన ఉండే చిన్న తోకను సన్నటి పంచుతో కొట్టి విరిచాను, టక్కుమంది, పట్టకారుతో బయటికి తీసి వెలుతురులో చూసుకున్నాను. తోక బయటే ఉంది, లోపల పడలేదు. బండిని నిలబెట్టి వెనక్కి తిరిగేసరికి ఉస్తాద్ లేచి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు లేచాడో. ఫోను ముందు లేచాడో, తర్వాత లేచాడో. ఆయన కళ్ళు నా మణికట్టు దగ్గర ఉన్నాయి.

"ఉస్తాద్." పోగు తీసి ఆయన చేతిలో పెట్టాను. "పొద్దుగాల నేను చెప్పింది తప్పు. గీ థ్రెడ్డు ఇస్రాయేలు తెంపలే. నేను తెంపిన. నువ్వు వానికి తాళాలిస్తుంటే తెంపిన. తెంపి, పోగు సుట్టి, సప్పుడు జెయ్యకుండ పోయిన."

ఆయన పోగును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు, బట్టల షాపులో చీర అంచు చూసినట్టు. "మంచి పట్టు. ఎనిమిదేండ్లు ఆగింది" అన్నాడు. కాసేపటికి, "గద్వాల తొవ్వ మర్శినవారా నువ్వు? నేను ముసలోన్ని, ట్రాలీల కూసోని రావాల్సొచ్చె" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండు. కళ్ళు మండాయి, కిరసనాయిలు చేత్తో తుడుచుకున్నాను, ఇంకా మండాయి.

"ఏడుస్తె ఆయిలు పోసేదెవడ్రా? ఆటో వస్తది, బిగియ్యి."

బిగించాను. కొత్త రాగి వాషర్ వేసి, ముందు వేళ్ళతో, తర్వాత పానాతో. బోల్టు ఉక్కు చుట్టలో హాయిగా దిగింది, కూర్చుంది, బరువెక్కడం మొదలైంది. వెనక చెప్పుల చప్పుడు. వచ్చి నా వెనక నిలబడ్డాడు. చూడకుండానే తెలుసు, రోడ్డు వైపు చూస్తున్నాడు. పానా కీచుమంది. నా రెండు చెవులూ వెనకే ఉన్నాయి. ఇప్పుడంటాడు. పావు చుట్టు. ఇప్పుడు. చెయ్యి ఆగమంటోంది, చెవి ఆగు, మాట రానీ అంటోంది. రాలేదు. ఇంకా ఒక్క పిసరు అనిపించింది, ఆ పిసరు దగ్గరే కదా ఎనిమిదేళ్ళు పోయాయి. చెయ్యి తీసేశాను.

వెనక్కి చూస్తే ఆయన బెంచీ వైపు నడిచి పోతున్నాడు. "సరోజా, జర ఛాయ్ వెట్టు బిడ్డా" అంటున్నాడు లోపలికి. అప్పుడర్థమైంది. ముప్ఫై ఏళ్ళవాణ్ణి అయ్యాక కూడా ఏ రోజు కోసం చూశానో ఆ రోజు వచ్చింది, ఇదే అది, ఇంతే అది, ఇంత చల్లగా ఉంటుంది. ఇస్రాయేలు ఇన్నేళ్ళూ ప్రతి బోల్టుకూ ఇలాగే ఒక్కడే ఆగాడన్నమాట.

ఆయిల్ పోసి, బండి స్టార్ట్ చేసి, కింద పేపరు పరిచి చూస్తున్నాను. చుక్క లేదు. ఫోను మోగింది. వాడే.

"అయిపాయెనా అన్నా?"

"అయింది. పొడిగ ఉంది."

"బిగిచ్చేటప్పుడు..." ఆగాడు. "ఉస్తాద్ ఎనక నిలబడ్డడా? బస్ అన్నడా?"

అన్నాడు అని నోటిదాకా వచ్చింది. నాలుక కొసన ఉంది, నునుపుగా, సిద్ధంగా, ఎనిమిదేళ్ళ కసి అంతా దాంట్లో ఉంది, ఒక్కమాట చాలు, గద్వాలలో ఆ రేకుల షాపులో వాడు ఈ రాత్రి అన్నం సరిగా తినడు. ఉస్తాద్ సాసర్లో ఛాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు, మా మాటలు వింటున్నాడో లేదో.

"అనలే తమ్మీ. ఎనకనే నిలబడ్డడు గని, అనలే. ఇగ నాకు గూడ అనడు."

అవతల గద్వాల రోడ్డు మీద ఏదో లారీ హారను కొట్టుకుంటూ పోయింది, షాపులో ఎవరో పానా అడుగుతున్నారు. వాడు సంతోషపడ్డాడో, బాధపడ్డాడో నాకు తెలియలేదు, స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకున్నా తెలియదు.

"నువ్వు తిన్నవా?" అని అడిగాను.

"లేదన్నా," అన్నాడు ఇస్రాయేలు. "గిప్పుడు తింట."